ఒక ఆదివారం ఆర్సీఎం వాళ్ళమయ్యాం

నా నోటి వల్ల చెడిన పనులు చాలానే ఉన్నాయి. సాంబారు నీళ్ళలా ఉందని వియ్యపురాలి ఎదురుగానే అనేసి, ఆ ఇంటితో చాలాకాలం మాటలు లేకుండా చేసుకున్నదాన్ని. అవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. ఇందులో నేను నోరు తెరిచింది మనుషులతో కాదు, దేవుడితో. దేవుడితో మాట్లాడినా కొంపలు మునుగుతాయని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇది టైప్ చేస్తున్నది మా మనవరాలు జెస్సీ. నేను సోఫాలో కాళ్ళు చాపుకుని చెబుతుంటే, అది ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కొడుతోంది. దానికి తెలుగు అక్షరాలు నేర్పింది నేనే, నా పెద్దక్షరాల బైబిలు ముందు పెట్టి. అందుకే దాని తెలుగు అప్పుడప్పుడు కొండ దిగివస్తున్న మోషే మాట్లాడినట్టు ఉంటుంది. తప్పులుంటే దానివి, నవ్వొస్తే నాది.

"అమ్మమ్మా, కొంచెం స్లోగా."

"నేను స్లోగానే చెప్తున్నా. నీ వేళ్ళే నడవట్లేదు."

మాది తుని దగ్గర. ఇప్పుడుండేది ఎడ్మంటన్. మా అమ్మాయి సునీత ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, అల్లుడు ప్రసాదు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. నేను మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరై, వాళ్ళ దగ్గరికొచ్చి, జెస్సీని పెంచాను. మేం బాప్టిస్టులం. మా ఊళ్ళో బడీ ఆసుపత్రీ కట్టింది ఒకప్పుడు కెనడా నించి వచ్చిన బాప్టిస్టు మిషనరీలే. రోడ్డుకి ఇటు మా గుడి, అటు ఆర్సీఎం వాళ్ళ గుడి, అంటే కేథలిక్కులది. క్రిస్మస్‌కి కేకులు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం గానీ, మైకుల దగ్గర మాత్రం రాజీ ఉండేది కాదు. వాళ్ళ మైకు మోగితే మా ప్రార్థన మాకు వినపడేది కాదు. దాన్ని మించి వినపడాలని గొంతు పెంచీ పెంచీ, స్త్రీల సమాజం ప్రెసిడెంటునయ్యేసరికి నాకు మైకు అవసరం పోయింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ఆ గొంతే మా కొంప ముంచింది.

ఇక జెస్సీ సంగతి. చిన్నప్పట్నించీ దానికి మాట తక్కువ. ఎవరైనా "నీ పేరేంటమ్మా" అంటే అది ఊపిరి తీసుకునేలోపే నేను, "జెస్సికా అండి, బాగా చదువుతుంది, దోసకాయ పచ్చడంటే ప్రాణం" అని అందించేసేదాన్ని. పాపం పిల్ల ఇబ్బంది పడకూడదని. బడి నించి వచ్చే ప్రతి రిపోర్టులోనూ ఒకటే మాట: తెలివైనది, కానీ క్లాసులో నోరు విప్పదు. ఇంట్లో విప్పే అవకాశం ఎవరిచ్చారు కనక.

ఆ చివరి వాక్యం నేను చెప్పలేదు. అదే టైప్ చేసుకుంది. ఉండనివ్వండి.

పన్నెండో క్లాసులో ఉండగా వాళ్ళ బడివాళ్ళు పిల్లల్ని కాలేజీలు చూపించడానికి తీసుకెళ్ళారు. దాన్నే ఓపెన్ హౌస్ అంటారట. మొదట ఎడ్మంటన్‌లోనే ఉన్న పెద్ద యూనివర్సిటీ. తర్వాత ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉండే ఒక చిన్న కేథలిక్ కాలేజీ. ఆ రాత్రి అన్నాల దగ్గర జెస్సీ ఉన్నట్టుండి, "నేను ఆ చిన్న కాలేజీకి అప్లై చేస్తా" అంది. అది ఎవరూ అడక్కుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడటం ఆ ఏడాదికి అదే మొదలు. ప్రసాదు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"అక్కడేం చెప్తారు?" అన్నాడు.

"లిబరల్ ఆర్ట్స్."

"అంటే, బొమ్మలెయ్యడమా?"

"నో డాడీ. ఫిలాసఫీ, హిస్టరీ, లిటరేచర్, కొంచెం సైన్స్. అన్నీ."

"అన్నీ అంటే ఏదీ కాదన్నమాట."

సునీత అందుకుంది. "పక్కనే అంత పెద్ద యూనివర్సిటీ పెట్టుకుని అక్కడికెందుకే? క్లాసుకి ఎంతమందుంటారు?"

"పదిమంది. ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు."

"చేరేవాళ్ళు దొరకలేదేమో," అన్నాడు ప్రసాదు.

జెస్సీ ప్లేటులోకి చూస్తూ, "ఒక ప్రొఫెసర్ ఉన్నారు. నన్నేదో అడిగారు. దెన్ షీ వెయిటెడ్," అంది.

"దేనికోసం?" అన్నాను నేను.

"నా ఆన్సర్ కోసం."

ఆ మాటలో ఏముందో ఆ పూట మా టేబులు దగ్గర ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే నాకు తక్కువ అర్థమైంది. చివరికి ప్రసాదు ఒక ఒప్పందానికి వచ్చాడు. ఆ కాలేజీకీ అప్లై చెయ్యొచ్చు. సీటొస్తే అడ్డు చెప్పడు. రాకపోతే మారుమాట్లాడకుండా పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్. జెస్సీ తలూపింది. ఆ తలూపడంలో ఎంత ఆశ ఉందో చూసినదాన్ని నేను. చూసి ఊరుకుంటే ఈ కథ లేదు.

నాకు పట్టుకున్న బెంగ ఏంటంటే, అది ఆర్సీఎం వాళ్ళ కాలేజీ. బాప్టిస్టు పిల్లకి వాళ్ళు సీటెందుకిస్తారు? సునీతనడిగితే, "ఇక్కడ అవన్నీ చూడరమ్మా" అంది. చూడరని పైకి అంటారు. లోపల ఏమనుకుంటారో రోడ్డుకి ఇటుపక్క పెరిగిన నాకు తెలియదా?

అందుకని బేస్‌మెంటులోకి దిగాను.

అవి మన పిల్లలు విమానాలు విమానాలుగా కెనడాలో దిగుతున్న రోజులు. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొంటే తెలుగు, ఏ ఇంటి బేస్‌మెంటు తలుపు తట్టినా తెలుగు. మా బేస్‌మెంటులో గుంటూరు వైపు నించి వచ్చిన అనూష అద్దెకుండేది. పగలు కాలేజీ, మిగతా వేళల్లో కాఫీ షాపులో పని. తనూ తన స్నేహితులూ కింద కూర్చుని మాట్లాడుకుంటుంటే వినీ వినీ నేను అడ్మిషన్ల విషయంలో ఆరితేరిపోయాను. వర్క్ పర్మిట్ దగ్గర్నించి ఇక్కడే స్థిరపడిపోయే పీఆర్ దాకా చర్చిలో ఎవరికి ఏ అనుమానమొచ్చినా నా దగ్గరికే పంపేవాళ్ళు. చెప్పినవాటిలో సగం తప్పులేనని తర్వాత తెలిసింది. అది వేరే కథ.

"అనూషా, నీ అప్లికేషన్‌లో ఎస్ఓపీ ఎలా రాశావమ్మా?" అన్నాను. ఎస్ఓపీ అంటే మీ కాలేజీకే ఎందుకొస్తున్నామంటే అని మనం రాసుకునే వ్యాసం.

"నేను రాయలేదు అమ్మమ్మగారూ, ఏజెంట్ రాశాడు. చిన్నప్పట్నించీ సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ అంటే నాకు పిచ్చి అని రాశాడు. అదేంటో ఇక్కడికొచ్చాక తెలిసింది."

"మరి నువ్వేం చెప్పలేదా?"

"వాళ్ళకేం కావాలో అదే రాయాలమ్మా అన్నాడు. అందరూ అంతేగా."

వాళ్ళకేం కావాలో అదే. నా బుర్రలో లైటు వెలిగింది. వెలగకపోయినా బాగుండేది. అనూష ఆర్సీఎం పిల్లేనని నాకు గుర్తొచ్చింది.

"అనూషా, మాకు మీ పద్ధతులు నేర్పాలి."

"దేనికి అమ్మమ్మగారూ?"

"దేనికో ఎందుకులే. సిలువ గుర్తు ఎలా వేసుకుంటారో ముందు చూపించు."

ఈలోగా కాలేజీ నించి కబురొచ్చింది. చిన్న కాలేజీ కదా, అప్లై చేసిన ప్రతివాళ్ళనీ పిలిచి మాట్లాడతారట. ఆదివారం ఫ్యామిలీతో రండి, పొద్దున్న కాలేజీలోని చిన్న గుడిలో, అంటే చాపెల్లో, పూజ ఉంటుంది, ఇష్టమైతే రావచ్చు, తర్వాత భోజనం, ఆ తర్వాత జెస్సీతో కాసేపు మాట్లాడతాం అన్నారు.

"ఇష్టమైతే అన్నారుగా, మనం భోజనం టైముకి వెళ్దాం," అన్నాడు ప్రసాదు.

"అయ్యో నాయనా. హెడ్మాస్టరు 'వీలుంటే ఆదివారం ఒకసారి రండి' అంటే ఏ టీచరైనా వీలు లేదంటుందా? అసలు పరీక్ష పూజ దగ్గరే."

"అమ్మమ్మా, యాక్చువల్లీ నేను ఆల్రెడీ..." అని జెస్సీ ఏదో మొదలుపెట్టింది.

"నువ్వు కంగారుపడకు. నేను చూసుకుంటాను," అన్నాను.

అప్పట్నించీ మా ఇల్లు శిక్షణా శిబిరమైపోయింది. ఆర్సీఎం వాళ్ళు శుక్రవారం మాంసం ముట్టరట, అందుకని ఆ రోజు కోడికూర బంద్, చేపలే. ప్రసాదు గిన్నె మూత తీసి చూసి, "అత్తయ్యగారూ, మనం ఏ పాపానికి పశ్చాత్తాపపడుతున్నాం?" అనేవాడు. సిలువ గుర్తు నాకు ఎంతకీ కుదరలేదు. నుదురూ గుండే బాగానే వచ్చేవి, ఎడమ భుజం ముందా కుడి భుజం ముందా అనే దగ్గర ఆగిపోయేదాన్ని. చపాతీ పిండి కలుపుతూ ప్రాక్టీసు చేస్తే రెండు భుజాల మీదా పిండి. సునీత డ్యూటీ నించి వచ్చి నన్ను చూసి, ఏమీ అడక్కుండా మేడెక్కిపోయేది.

అనూష తన జపమాల ఇచ్చింది. "మెళ్ళో వేసుకోకూడదు అమ్మమ్మగారూ, చేతిలో పట్టుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. పూజలో ఫాదర్ గారిచ్చే అప్పం, అదే సత్ప్రసాదం, మాత్రం తీసుకోవద్దు, అది మాలో ప్రథమ దివ్యసత్ప్రసాదం అయినవాళ్ళకే. మీరు చేతులు ఇలా గుండె మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ గారు దీవెన ఇచ్చి పంపిస్తారు."

"అలా పెట్టుకుంటే బాప్టిస్టులమని తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏమవుద్ది?"

"నీకు తెలీదులే," అన్నాను. తెలియనిది ఎవరికో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మధ్యలో జెస్సీ రెండుసార్లు నా గదికొచ్చింది. మొదటిసారి "అమ్మమ్మా, వీ డోంట్ హావ్ టు ప్రిటెండ్" అంది. "ప్రిటెండ్ కాదమ్మా, మర్యాద" అన్నాను. రెండోసారి "ఓపెన్ హౌస్‌లో నేను వాళ్ళకి..." అంది. "ఓపెన్ హౌస్ అయిపోయింది, ఇప్పుడు అసలుది చూడు" అని పంపించేశాను.

ఆ ఆదివారం ఎలాంటి చలంటే, కారు తలుపు తీసేసరికి ముక్కులో ఊపిరి గడ్డకట్టింది. పట్టుచీర, దాని మీద స్వెట్టరు, దాని మీద జెస్సీ పాత చలికోటు, పార్కా, తల మీద కొంగు. దూరం నించి చూస్తే పరుపుల మూటకి కళ్ళజోడు పెట్టినట్టున్నానట. చాపెల్ గుమ్మం దగ్గరికి రాగానే అలవాటు చొప్పున బూట్లు విప్పేశాను. మా వైపు దేవుడి గుడిలోకి చెప్పులతో వెళ్ళడమేంటి? ఎడ్మంటన్‌లో మా తెలుగు చర్చిలోనూ అంతే.

"అమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదు," అంది సునీత.

"వాళ్ళ ఇష్టం వాళ్ళది. విప్పండి అందరూ."

ప్రసాదు ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. ఆ వేలు పూజంతా నన్నే చూస్తూ కూర్చుంది. అయితే అసలు వింత మా వెనకాల జరిగింది. వెనకొచ్చిన దొరసాని ఒకావిడ మా బూట్లు చూసింది, మమ్మల్ని చూసింది, ఈ చాపెల్లో కొత్త నియమమేదో వచ్చిందనుకుందేమో, తనూ విప్పింది. ఆవిణ్ణి చూసి వాళ్ళాయన, ఆయన్ని చూసి ఇంకో కుటుంబం. ఈ దేశపు మర్యాద అలాంటిది. పూజ మొదలయ్యేసరికి గుమ్మం దగ్గర బూట్ల బజారు.

పరీక్ష కదా, ముందు వరసలో కూర్చున్నాం. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు పూజ చేస్తున్నారు. ఆయన పక్కన మనవాళ్ళ చాయలో ఇంకో ఫాదర్. మీసాలు, గుండ్రటి మొహం. కేరళ ఫాదర్ అనుకున్నాను. విదేశాల్లో నల్లగా కనిపించే ఫాదర్లంతా కేరళవాళ్ళేనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో అడక్కండి, నాకు గట్టి నమ్మకాలు చాలా ఉన్నాయి.

మొదట్లో అంతా బాగానే నడిచింది. వాళ్ళు లేస్తే లేచాం, కూర్చుంటే కూర్చున్నాం. మోకరించినప్పుడు పార్కాతో సహా దిగాను గానీ లేవడానికి ప్రసాదూ సునీతా చెరో చెయ్యీ పట్టుకోవాల్సొచ్చింది. సిలువ గుర్తు వేసినప్పుడల్లా నా చెయ్యి కుడికీ ఎడమకీ మధ్య ట్రాఫిక్ పోలీసులా ఆడింది. ఆ కేరళ ఫాదర్ నన్నే చూస్తున్నారని ఓ కంట కనిపెట్టాను. చివరికి అనూష చెప్పినట్టే దీవెన కోసం గుండె మీద చేతులు పెట్టుకుని వెళ్తే ఆయన దగ్గరికే పడింది వరస. "గాడ్ బ్లెస్ యూ" అని మీసాల్లోనే నవ్వారు. పట్టేశాడనుకున్నాను.

వచ్చి కూర్చున్నాం. అందరూ కూర్చున్నారు. ఫాదర్లూ కూర్చున్నారు. ఇక నిశ్శబ్దం.

నిశ్శబ్దమంటే మామూలుది కాదు. హీటరు గాలి కూడా వినపడుతోంది. మా చర్చిలో అంత నిశ్శబ్దం ఎప్పుడొస్తుందంటే, ప్రార్థన నడిపించాల్సినవాళ్ళు మర్చిపోయినప్పుడు. అప్పుడు పాస్టరు గారు స్త్రీల సమాజం వైపు చూస్తారు, నేను లేస్తాను. ముప్పై ఏళ్ళ అలవాటు. పాపం ఇక్కడెవరో మర్చిపోయారు, పెద్దాయన తల వంచుకుని ఎదురుచూస్తున్నారు, ఇదే మంచి సమయం అనిపించింది. పైగా మనం చేసేది తెలుగులో కదా, ఈ మంచు దేశంలో, ఈ పొలాల మధ్య ఎవరికి తెలుస్తుంది?

లేచాను. కొంగు సర్దుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"పరలోకమందున్న మా తండ్రీ," అన్నాను. ఆ చాపెల్ గోడలు మంచివి, గొంతు బాగా మోగింది. అది విని నాకు ఇంకా హుషారొచ్చింది. "ఈ చల్లని దినమందు మమ్మును ఇక్కడికి నడిపించినందుకు స్తోత్రము. నీ కుమార్తె జెస్సికాకు ఈ కాలేజీలో సీటు దయచేయుము ప్రభువా. నోరు లేని పిల్ల తండ్రీ, ఇక్కడ తప్ప ఎక్కడా బతకనంటోంది. మేము బాప్టిస్టులమని నీకు తెలుసు. వీరికి తెలియనివ్వకుము."

సునీత నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని గుంజింది. దానికీ ఆత్మ ఆవేశం వచ్చిందేమో పాపం, అనుకుని ఇంకాస్త గొంతు పెంచాను.

"ఈ ఒక్క పూట ఆర్సీఎం వాళ్ళలా నటించుచున్నాము. ఇది తప్పయితే నన్ను అడుగుము, పిల్లను అడగవద్దు. ఎదురుగా కూర్చున్న కేరళ ఫాదరు నన్ను అదేపనిగా చూచుచున్నాడు. ఆయనకు నా మీద అనుమానముగా ఉన్నది. ఆయన కన్నులకు గంతలు కట్టుము. మా అల్లుడి మేజోడు చిల్లు కూడా ఎవరికీ కనపడనీయకుము..."

ఇంకా చాలా అన్నాను. ప్రసాదు కంపెనీలో ప్రమోషనూ, సునీత నైట్ డ్యూటీలూ, నా మోకాళ్ళూ అన్నీ వచ్చాయి. "ఆమెన్" అని కళ్ళు తెరిచేసరికి చాపెలంతా తలలు వంచుకుని ఉంది. అది ఎవరికివాళ్ళు మనసులో ప్రార్థించుకునే వేళట. ప్రసాదు బల్ల మీంచి జారి సగమే కనపడుతున్నాడు. జెస్సీ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఆ నిశ్శబ్దంలో ఒక్కరే, ఆ కేరళ ఫాదరే, గట్టిగా, భక్తిగా "ఆమెన్" అన్నారు.

చూశారా, ఆయనకీ నచ్చింది, అనుకున్నాను.

భోజనాల దగ్గర సూపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. వెనక నించి ఎవరో, "అమ్మగారూ, గంతలు కట్టలేదండీ దేవుడు," అన్నారు.

తిరిగి చూస్తే మీసాలు.

"నా పేరు ఇన్నయ్య. మాది సత్తెనపల్లి పక్కన. మీదెక్కడండీ, ప్రార్థన చూస్తే గోదావరికి అవతల మాటలా ఉంది?"

సూపు గిన్నె బల్ల మీద పెట్టేశాను. నోరు తెరిచాను. మాట రాలేదు. జెస్సీకి రోజూ ఎలా ఉంటుందో మొదటిసారి నాకు అప్పుడు తెలిసింది.

"తుని," అన్నాను ఎట్టకేలకు. "ఫాదర్ గారూ, తప్పు నాదండి. పిల్లకేం సంబంధం లేదు."

"విన్నానండి. నన్నడుగు, పిల్లనడగొద్దు అన్నారుగా." ఆయన ముఖం గంభీరంగానే ఉంది గానీ మీసాలు అదురుతున్నాయి. "ఇంటర్వ్యూలో నేనూ ఉంటాను. రండి."

ఆ "రండి" జెస్సీకని ఎవరికైనా తెలుస్తుంది. నేను హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని దాని వెనకే వెళ్ళాను. పాడుచేసింది నేను, బాగుచెయ్యాల్సిందీ నేనే కదా అని నా ఉద్దేశం.

చిన్న గది. గుండ్రటి టేబులు. ఫాదర్ ఇన్నయ్య, పక్కన ఓపెన్ హౌస్‌లో జెస్సీని అడిగి ఆగిన ఆ ప్రొఫెసరమ్మ. పొట్టి జుట్టు, ఊలు స్వెట్టరు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆవిడ ఇంగ్లీషులో, "జెస్సికా, ఈ మధ్య ఏం చదివావు?" అంది.

"బైబిల్, మేడమ్. డైలీ," అన్నాను నేను.

"ఓహ్, బాగుంది. జెస్సికా, నీకు ఈ కాలేజీ ఎందుకు నచ్చింది?"

"డిసిప్లిన్, మేడమ్. అండ్ ఫ్రెష్ ఎయిర్."

ఆవిడ నవ్వి జెస్సీ వైపే చూసింది. "నిన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఏదైనా ఉందా?"

"నథింగ్, మేడమ్. వెరీ హ్యాపీ చైల్డ్."

ఫాదర్ ఇన్నయ్య ముందుకి వంగి తెలుగులో, మా ఊరి పెద్దమనిషి పంచాయితీలో మాట్లాడినట్టు నెమ్మదిగా అన్నారు. "అమ్మగారూ, బయట కాఫీ ఉంది. లోపలే ఉంటానంటే ఉండండి, కానీ మాట్లాడకూడదు. ఈ సీటు ఎవరికి కావాలో వాళ్ళ గొంతు మేం వినాలి. వినకపోతే ఇవ్వలేం."

"ఉంటానండి," అన్నాను చిన్నగా.

తర్వాత ఆయన ప్రొఫెసరమ్మకి పొద్దున నా ప్రార్థన అంతా ఇంగ్లీషులో చెప్పారు. గంతలతో సహా, మేజోడుతో సహా. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నాక జెస్సీనడిగింది: "దీని గురించి నువ్వేమనుకుంటున్నావు?"

అని ఆగింది.

ఆ ఆగడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ప్రార్థనలో తుమ్మొస్తే ఆపుకుంటామే, అలా నేను జవాబు ఆపుకున్నాను. నాలుక మీద తయారుగా ఉంది. పళ్ళు బిగించాను. అనూష జపమాల పిడికిట్లో నలిగిపోయింది. ఎవరూ ఏమీ అనట్లేదు. ప్రొఫెసరమ్మకి ఏ తొందరా లేదు. కిటికీ బయట మంచు కూడా తొందర లేకుండానే పడుతోంది. ఇదీ ఆ పిల్ల కోరుకున్నది, అనిపించింది. మేం ఇంట్లో ఏనాడూ ఇవ్వనిది ఇదే.

జెస్సీ తలెత్తింది.

"ఇట్ వాజ్ ఎ లై," అంది. "కానీ మా అమ్మమ్మ మీ అందరికీ అబద్ధం చెప్పి, దేవుడికి మాత్రం నిజం చెప్పింది. అదీ చాపెల్ మొత్తానికి వినపడేలా. సీక్రెట్ దాచడం ఆవిడకి అస్సలు రాదు. అందుకే ఆవిణ్ణి నేను నమ్ముతాను."

నాకు అర్థం కావాలని కాబోలు, మధ్యమధ్యలో తెలుగులో కూడా చెప్పింది. తర్వాత ఆపలేదు. తను ఎందుకు మాట్లాడదో చెప్పింది. జవాబు తెలియక కాదట, అది ఆలోచించేలోపు ఎవరో ఒకరు చెప్పేస్తారట. ఓపెన్ హౌస్‌లో ఆవిడ అడిగిన ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయిందట, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉందట, అది చెప్పడానికైనా ఇక్కడికి రావాలనుందట. నేను పెంచిన పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. కాస్త బొంగురు. వాళ్ళ తాతగారిది.

చివర్లో ఫాదర్ ఇన్నయ్య, "అమ్మగారూ, ఇప్పుడు మాట్లాడొచ్చు," అన్నారు.

"మా పిల్ల బాప్టిస్టయినా ఫర్వాలేదాండీ?" అన్నాను.

ఆయనా ప్రొఫెసరమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "జెస్సికా ఓపెన్ హౌస్ నాడే చెప్పిందండి. మా పిల్లల్లో బాప్టిస్టులున్నారు, సిక్కులున్నారు, ఏదీ కానివాళ్ళూ ఉన్నారు."

నేను జెస్సీ వైపు తిరిగాను. "మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పబోయాను అమ్మమ్మా," అంది. "ఐ ట్రైడ్. మెనీ టైమ్స్."

కారెక్కేముందు గుమ్మం దగ్గర బూట్లు వెతుక్కోవడం ఇంకో ఘట్టం. ఆ దొరసాని నా బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆవిడవి నాకు సరిపోయాయి గనక సరిపోయింది.

సీటొచ్చింది. ప్రసాదు మాట మీద నిలబడ్డాడు. ఇప్పుడు జెస్సీ అక్కడ మూడో ఏడాది. ప్లేటో గురించీ ఇంకెవరి గురించో ఫోన్‌లో మొదలుపెడితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పడానికి నాకు సందు దొరకదు. ఫోను సునీతకిస్తే, అది ప్రసాదుకిస్తుంది.

అందుచేత ఈ చదివేవాళ్ళందరి ఎదుటా, కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. జెస్సీ, ఇది సరిగ్గా కొట్టు. ఒకటి: మనవరాలిని ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు అది నన్నే అడిగారా అని కనుక్కుంటాను. రెండు: ఈ కెనడాలో, మంచు తప్ప మనిషి కనపడని చోటయినా సరే, తెలుగు తెలిసినవాళ్ళు లేరనుకుని ఇంటి గుట్టు గట్టిగా చెప్పను. దేవుడికైనా చెవిలోనే చెప్పుకుంటాను. ఆమెన్.

"అమ్మమ్మా, ఇంటి గుట్టు గట్టిగా చెప్పను అని ప్రామిస్ చేస్తున్నావు. మరి దీన్ని పత్రికకి పంపిస్తున్నాం కదా?"

"అదీ ఇదీ ఒకటేనా? దీనికి గొంతు అక్కర్లేదు. పంపించు."